పోయిన వినికిడికి తైలం లేదు

సంక్రాంతి వెళ్ళిన నాటి నుండి ఉగాది వరకు మా బుచ్చయ్యపేట, చోడవరం ప్రాంతాలలో ఏదో ఒక ఊరిలో తీర్థమో, అమ్మవారి పండుగో, గౌరీపరమేశ్వరుల ఉత్సవమో జరుగుతూనే ఉంటుంది. కొత్త అమావాస్యకు అనకాపల్లి నూకాంబిక జాతర ఆరంభమౌతుంది. ఆడపడుచులు పుట్టింటికి వస్తారు, అల్లుళ్ళు వస్తారు, పట్నాలలో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవు పెట్టి వస్తారు. ఇవన్నీ ఊరికి శోభ. ఈ పండుగల మరునాడు వైద్యుని వద్దకు అజీర్తితో, జలుబుతో వచ్చేవారు పూర్వం నుండి ఉన్నారు. గత కొన్ని సంవత్సరాలుగా వారి సరసన మరొక వర్గం చేరినది. "రాత్రి సౌండు బాక్సుల పక్కన కూర్చున్నాం డాక్టరుగారూ, తెల్లవారినా చెవిలో కీచురాయి అరుస్తున్నట్లే ఉంది. ఏ తైలం వెయ్యమంటారు?" అని వీరు అడుగుతారు. పాఠకులలోనూ చాలామందికి ఇదే సందేహం ఉంటుందని నాకు తెలుసు.

ఈ ప్రశ్నకు నేను చెప్పే సమాధానం వారికి రుచించదు. శబ్దం చేత చెడిన చెవికి తైలం లేదు. వెల్లుల్లి కాచిన నూనె లేదు, బిల్వతైలం లేదు, మా గురువుల తాళపత్రాలలో దాచిన రహస్య యోగమూ లేదు. జీవితమంతా తైలాలతో, కషాయాలతో గడిపిన వైద్యుడే ఈ మాట అనడం కొందరికి ఆశ్చర్యంగా ఉండవచ్చును. కాని ఆయుర్వేదం మీద నాకున్న గౌరవమే ఈ మాట అనిపిస్తున్నది. లేని శక్తిని శాస్త్రానికి అంటగట్టడం శాస్త్రసేవ కాదు.

శాస్త్రం ఏమన్నది?

చరకాచార్యులు రోగాలకు మూడు మూలకారణాలను చెప్పినారు. ఇంద్రియాలకు వాటి విషయాలతో తగని సంయోగం ఒకటి, ప్రజ్ఞాపరాధం రెండవది, కాలపరిణామం మూడవది. మొదటిదాన్ని మరల మూడుగా విభజించి, అతియోగం, అయోగం, మిథ్యాయోగం అన్నారు. చెవి విషయంలో మిథ్యాయోగం అంటే పరుషమైన మాటలు, ఇష్టులైనవారు పోయారన్న వార్తలు, భయపెట్టే, అవమానపరచే శబ్దాలు వినడం. అయోగం అంటే అసలేమీ వినకపోవడం. ఇక అతియోగానికి వారిచ్చిన ఉదాహరణలు చూడండి: మితిమీరిన ఉరుము, భేరీపటహాల మ్రోత, పెద్ద అరుపులు. విద్యుత్తు లేని కాలంలో, ధ్వనివర్ధక యంత్రమన్నది ఊహకు కూడా రాని కాలంలో, చర్మవాద్యాల హోరును రోగకారణాల పట్టికలో చేర్చిన శాస్త్రం మనది.

కర్ణనాదం అంటే ఏమిటో కూడా మన నిదాన గ్రంథాలు వర్ణించినాయి. బయట ఏ ధ్వనీ లేకపోయినా భేరి, మృదంగం, శంఖం వంటివి లోపల మ్రోగుతున్నట్లు వినిపించడమే ఆ వ్యాధి. సుశ్రుతులు కర్ణరోగాలు ఇరవై యెనిమిదని లెక్కించినారు. వాటిలో కర్ణనాదానికీ, బాధిర్యానికీ వేరువేరుగా స్థానం ఉన్నది. చిరకాలంగా పాతుకుపోయిన బాధిర్యానికి చికిత్స ఫలించదని పూర్వ వైద్యులే నిస్సంకోచంగా ఒప్పుకున్నారు. వారు ఒప్పుకున్నదాన్ని కాదని, నేడు ప్రకటనలలో వినికిడి తిరిగి తెప్పిస్తామనే తైలాలను నమ్మడం ఏమి న్యాయం?

ఏ చికిత్సకైనా తొలి మెట్టు నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని దూరం చేయడం. తక్కిన వ్యాధులలో అది తొలి మెట్టు. శబ్దం వల్ల కలిగే చెవుడు విషయంలో అదే మొదటి మెట్టు, అదే చివరి మెట్టు కూడా.

చెవి లోపల జరిగేది

లోచెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక చిన్న అవయవం ఉన్నది. దానిలో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 కేశకణాలు ఉంటాయి. కంటికి కనిపించని సన్నని రోమాల వంటి కొసలు వీటికి ఉంటాయి. శబ్దతరంగం వచ్చినప్పుడు గాలికి వరిచేను వంగినట్లు ఈ కొసలు వంగి, మరల లేచి, ఆ కదలికను నాడికి అందిస్తాయి. చిరుగాలికి వంగిన చేను లేస్తుంది. తుపానుకు పడిన చేను లేవదు. కోళ్ళు మొదలైన పక్షులలో చనిపోయిన కేశకణాల స్థానంలో కొత్తవి పుడతాయని 1980వ దశకంలో శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మనిషికి ఆ భాగ్యం లేదు. పుట్టుకతో తెచ్చుకున్న ఆ కొద్ది వేల కణాలే నూరేళ్ళకూ సరిపోవాలి.

చెవిలో పోసిన తైలం ఎక్కడి వరకు పోతుంది? కర్ణభేరి వరకు మాత్రమే. కేశకణాలు దానికి ఆవల, మధ్యచెవిని దాటి, ఎముకలో పొదిగిన గూటిలో ఉన్నాయి. తైలం అక్కడికి చేరదు. చేరినా చనిపోయిన కణం లేవదు. ఇంత చిన్న శరీరరచనా విషయం తెలిస్తే అనేక సీసాల ఖర్చు మిగులుతుంది.

శబ్దం దెబ్బ ముందుగా తగిలేది సన్నని స్వరాలను పట్టే భాగానికి, ముఖ్యంగా 4,000 హెర్ట్జ్ ప్రాంతానికి. అందువల్ల ఈ చెవుడు తొలిదశలో చెవుడుగా కనిపించదు. మనిషికి మాట వినబడుతూనే ఉంటుంది, స్పష్టంగా అర్థం కాదు. స, ష, త, క వంటి హల్లులు జారిపోతాయి. పెళ్ళిపందిరిలో, బస్సులో, నలుగురు మాట్లాడుకునే చోట తికమక మొదలౌతుంది. "ఆయనకు పరధ్యానం" అని ఇంటివారు విసుక్కుంటారు. ఆ మనిషి క్రమంగా మాటలు తగ్గించి ఒక మూల చేరుతాడు. వినికిడి లోపం కన్న ఈ ఒంటరితనమే పెద్ద వ్యాధి.

ఎంత శబ్దం, ఎంతసేపు?

శబ్దతీవ్రతను డెసిబెల్‌లలో కొలుస్తారు. ఈ కొలమానంలో 3 పెరిగితే శబ్దశక్తి రెండింతలైనట్లు. మామూలు సంభాషణ 60 ప్రాంతంలో ఉంటుంది. 85 డెసిబెల్‌ల శబ్దంలో 8 గంటలు పనిచేయవచ్చునని శ్రామికుల ఆరోగ్యాన్ని పరిశీలించే నిపుణులు ఒక హద్దు పెట్టినారు. అక్కడి నుండి ప్రతి 3 డెసిబెల్‌లకు కాలం సగమౌతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు, 94 అయితే ఒక గంట, 97 అయితే అరగంట, 100 అయితే పావుగంట. సినీ సంగీత విభావరులలోను, డి.జె. పెట్టెల ముందు 100 దాటడం సర్వసాధారణం. 106 ఉన్నచోట 4 నిమిషాల లోపే ఆ దినపు వంతు తీరిపోతుంది. మన తీర్థాలలో కార్యక్రమాలు మూడు నాలుగు గంటలు సాగుతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో సంగీత వేదికలకు ఒక ప్రమాణాన్ని ప్రకటించినది. 15 నిమిషాల సగటు 100 డెసిబెల్‌లను మించరాదనీ, శబ్దాన్ని కొలుస్తూ ఉండాలనీ, చెవి రక్షణ సాధనాలు అందుబాటులో ఉంచాలనీ, విశ్రాంతికి నిశ్శబ్ద స్థలం ఉండాలనీ అందులో చెప్పినది. వంద కోట్లకు పైగా యువతీయువకులు ఇటువంటి అలవాట్ల వల్ల వినికిడి ప్రమాదంలో ఉన్నారని కూడా ఆ సంస్థే హెచ్చరించినది. 2024 జూన్‌లో ప్రసిద్ధ గాయని అల్కా యాజ్ఞిక్ తమకు నాడీ సంబంధమైన వినికిడి లోపం కలిగినదని స్వయంగా వెల్లడించినారు. వైరస్ సోకడం వల్ల అది వచ్చినదని వారి వైద్యులు చెప్పినారట. అయినా ఆమె తన శ్రోతలకు ఇచ్చిన సలహా ఏమిటంటే, అతిబిగ్గరగా మ్రోగే సంగీతానికీ, హెడ్‌ఫోన్లకూ జాగ్రత్తపడమని. పాటే జీవితమైన వ్యక్తి చెప్పిన మాట అది.

వినవచ్చే ఆక్షేపణలు

"ఏడాదికి ఒక్క రాత్రే కదా!" అంటారు. తీర్థం ఒక్క రాత్రి, వినాయక నిమజ్జనం ఒక రాత్రి, అన్నగారి కొడుకు పెళ్ళి ఊరేగింపు ఒక రాత్రి, స్నేహితులతో విశాఖలో సంగీత విభావరి మరొక రాత్రి. మిగిలిన రోజులలో చెవిలో సెల్‌ఫోను తీగలు ఉండనే ఉన్నాయి. చెవి వీటన్నిటినీ ఒకే ఖాతాలో వ్రాసుకుంటుంది.

"మరునాటికి గింగురు తగ్గిపోయినది, ఇక భయమేమి?" అంటారు. 2009లో అమెరికాలో చుంచెలుకలపై జరిగిన పరిశోధన ఒకటి ఈ ధీమాను కదిలించినది. పెద్ద శబ్దం తరువాత వాటి వినికిడి పరీక్షలలో మామూలుకు వచ్చినట్లే కనిపించినా, కేశకణాలకూ నాడికీ మధ్య ఉండే సంధులు చాలావరకు శాశ్వతంగా నశించినట్లు తేలినది. కనుక గింగురుమన్న చెవి హెచ్చరిక చేసినదని గ్రహించాలి గాని, క్షమించి విడిచిపెట్టినదని సంతోషించరాదు.

"మన పెద్దలు డప్పులు, సన్నాయిలు, తప్పెటగుళ్ళు లేకుండా పండుగ చేసినారా?" అని మరికొందరు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. డప్పు పక్కన నిలబడితే అదీ చెవికి భారమే, కాకుంటే చరకులు పటహాన్ని పేర్కొనేవారు కారు. కాని ఆ శబ్దానికి మనిషి శక్తి అనే హద్దు ఉండేది. వాయించేవాని చేయి అలసిపోతుంది, సన్నాయి ఊదేవాడు ఊపిరికి ఆగుతాడు, మేళం ఒక వీధి నుండి మరొక వీధికి కదిలిపోతుంది. యంత్రానికి అలసట లేదు. బండి మీద పేర్చిన పెట్టెలు కూర్చున్నవారి చెవి ఎత్తున, అడుగుల దూరంలో, అర్ధరాత్రి దాకా ఒకే హోరు పెడతాయి. రెండింటినీ ఒకే సంప్రదాయమనడం తగదు.

సంప్రదాయం మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పాలి. మన ఉత్తరాంధ్ర హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారిని కన్న నేల. విజయనగరంలో 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆయనే తొలి అధ్యక్షులు. అక్కడనే ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఫిడేలు పలికించినారు. మైకులు లేని రోజులలో హరికథ రాత్రంతా సాగేది. వెనుక వరుసవారు చెవి రిక్కించి వినేవారు. వినడమన్నది అప్పుడు శ్రోత చేసే పని, శబ్దం వచ్చి అతని మీద పడేది కాదు. గమకం, అనుస్వరం, తంబుర శ్రుతి వంటి సూక్ష్మాలను పట్టే శక్తి శబ్దాఘాతంలో మొదట పోతుంది. సంగీతం మీద ప్రేమతో వెళ్ళి, సంగీతాన్ని ఆస్వాదించే ఇంద్రియాన్నే పోగొట్టుకుని రావడం ప్రజ్ఞాపరాధం కాక మరేమిటి?

గృహస్థులు పాటించవలసినవి

ఉత్సవాలకు వెళ్ళవద్దని నేను చెప్పడం లేదు. వెళ్ళండి, పిల్లలనూ తీసుకుని వెళ్ళండి. కొన్ని నియమాలు పాటించండి.

మొదటిది, దూరం. ఇది కాసు ఖర్చు లేని ఔషధం. బయలు ప్రదేశంలో దూరం రెండింతలైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్‌ల వరకు తగ్గుతుంది. పెట్టెకు 15 అడుగుల దూరంలో 106 ఉన్నదనుకుంటే 30 అడుగులకు 100, 60 అడుగులకు 94, 120 అడుగులకు 88. పై లెక్క ప్రకారం నాలుగు నిమిషాల ప్రమాదం నాలుగు గంటల వినోదంగా మారినది. పెట్టెలు అనేకం వరుసగా పేర్చినచోట ఇంత త్వరగా తగ్గదు గనుక ఇంకా వెనుకకు జరగడం మంచిది. పెట్టెకు ఎదురుగా గాక పక్కకు కూర్చోవాలి.

రెండవది, చెవి బిరడాలు. మెత్తని నురుగు పదార్థంతో చేసినవి మందుల దుకాణాలలో స్వల్ప ధరకు దొరుకుతాయి. శుభ్రమైన వ్రేళ్ళతో సన్నగా నలిపి, మరొక చేతితో చెవిని పైకీ వెనుకకూ లాగి, లోపల ఉంచి, అది ఉబ్బే వరకు అరనిమిషం అదిమి పట్టాలి. సరిగా పెడితే 20 డెసిబెల్‌ల వరకు తగ్గిస్తాయి. పాట వినబడుతూనే ఉంటుంది, హోరు మాత్రం తగ్గుతుంది. మామూలు దూదిని నమ్ముకోకండి, అది అడ్డేది అత్యల్పం. చెవి కారుతున్నవారు బిరడాలు వాడక దూరాన్నే ఆశ్రయించాలి.

మూడవది, విశ్రాంతి. అరగంటకొకసారి పది నిమిషాలు ఆవలకు పోయి రండి. చెయ్యి చాచినంత దూరంలో ఉన్న మనిషితో గొంతు పెంచితే గాని మాట్లాడలేకపోతే, అక్కడ శబ్దం హద్దు దాటినదని గుర్తు. ఆ రాత్రి తరువాత ఒక పూర్తి దినమైనా చెవులకు శాంతి ఇవ్వాలి. ప్రయాణంలో మళ్ళీ చెవిలో పాటలు పెట్టుకోరాదు.

నాలుగవది, పసివారు. వారికి బాధను చెప్పడం రాదు, తమంతట తాము లేచిపోవడం రాదు. ఏడుస్తున్న బిడ్డను పెట్టెల ముందు ఒడిలో పెట్టుకుని ఊపడం నేను ఎన్నోసార్లు చూచినాను. చిన్నపిల్లలకు చెవిలోకి దూర్చే బిరడాలు పనికిరావు, మింగే ప్రమాదం ఉన్నది. చెవులను పైనుండి కప్పే తొడుగులు దొరుకుతాయి. అవి లేనప్పుడు బిడ్డను ఇంటి దగ్గర అమ్మమ్మ వద్ద ఉంచడమే సరియైన పని.

తైలాన్ని గూర్చి

దినచర్యలో కర్ణపూరణం ఉన్నది, నేను కాదనను. గులిమి గట్టిపడినప్పుడు, చెవి పొడిబారినప్పుడు, కర్ణభేరి చెక్కుచెదరని వారికి గోరువెచ్చని నువ్వుల నూనె కొద్ది చుక్కలు మేలు చేస్తాయి. దాని ప్రయోజనం అంతవరకే. చెవి నొప్పి, చీము, రసి, కర్ణభేరికి రంధ్రం ఉన్నప్పుడు ఏ నూనే వేయరాదు. వేడి నూనె, వెల్లుల్లి రసం, ఆకు పసరు, చనుబాలు చెవిలో పోయడం మానాలి. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈకతో గెలకడం అసలే కూడదు. కర్ణనాదంతో నిద్రపట్టని వారికి తలకు, అరికాళ్ళకు నూనె రాచి నిద్రపుచ్చడం ఉపశమనం ఇస్తుంది. మనస్సు కుదుటపడుతుంది, రొద మీద ధ్యాస తగ్గుతుంది. వినికిడి మాత్రం పెరగదు.

ఒక్క హెచ్చరిక ముఖ్యంగా గుర్తుంచుకోండి. ఒక చెవి హఠాత్తుగా వినబడకపోయినా, దిబ్బడ వేసి రెండవ నాటికి తగ్గకపోయినా, తల తిరిగినా నాటు వైద్యంతో కాలం గడపవద్దు. నా వద్దకు కూడా రావద్దు. విశాఖపట్నంలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఉన్నది. అక్కడికో, దగ్గరలోని ఆ శాఖ వైద్యుని వద్దకో ఆ దినమే వెళ్ళండి. ఆధునిక వైద్యం ఇచ్చే మందులు తొలి రోజులలో ఆరంభిస్తేనే ఫలితం ఆశించవచ్చును. ఏ వైద్యవిధానం గొప్పదన్న వాదానికి అది సమయం కాదు.

ఊరి బాధ్యత

ఇంతవరకు చెప్పినది ఒక్కొక్క కుటుంబం చేసుకోగల రక్షణ. కాని పెట్టెల పక్క ఇంటిలో మంచాన ఉన్న ముసలమ్మ ఎక్కడికి జరుగుతుంది? పరీక్షకు చదువుకునే పిల్ల ఎక్కడికి పోతుంది? ఇది ఊరంతా కలిసి తీర్చవలసిన సమస్య. చట్టం మనకు అండగా ఉన్నది. కేంద్ర ప్రభుత్వం 2000లో చేసిన శబ్దకాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు బహిరంగ స్థలాలలో ధ్వనివర్ధకాలు నిషిద్ధం. పండుగల నిమిత్తం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చును. ఆసుపత్రులు, విద్యాలయాలు, న్యాయస్థానాల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించే వీలున్నది. 2005 జూలైలో సుప్రీంకోర్టు ఈ నియమాలను గట్టిగా సమర్థించినది. ఇతరులకు బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదని ఆ తీర్పు సారాంశం.

పోలీసులు వచ్చి తీగ పీకే దాకా పోవడం ఊరికి గౌరవం కాదు. ఉత్సవ సంఘం వారే పూనుకుంటే పని సులువు. పెట్టెలను నేల మీద గాక ఎత్తున కట్టించి, జనానికీ పెట్టెలకూ మధ్య కనీసం 30 అడుగులు తాడు కట్టి ఖాళీ ఉంచాలి. శబ్దం పెంచే మీటను అద్దె కుర్రవానికి వదలక సంఘం పెద్ద ఒకరు చూచుకోవాలి. సెల్‌ఫోనులోనే శబ్దాన్ని కొలిచే సాధనాలు దొరుకుతున్నాయి, అంత కచ్చితం కాకపోయినా హద్దు దాటినదో లేదో తెలియజేస్తాయి. పెట్టెల దగ్గర గంటల కొద్దీ పనిచేసే ఆ కుర్రవాళ్ళకు, వాద్యగాళ్ళకు బిరడాలు ఇప్పించడం సంఘం ధర్మం. మనం ఒక రాత్రి వింటాము, వాళ్ళు సంవత్సరమంతా వింటారు.

వచ్చే ఏడాది చందా పుస్తకం పట్టుకుని వచ్చినవారికి మీరు ఇవ్వగలిగినది ఇవ్వండి. రసీదు వ్రాసేలోగా ఒక్క ప్రశ్న అడగండి: "నాయనా, పెట్టెలు ఎక్కడ పెడుతున్నారు? ఎన్ని గంటలకు ఆపుతారు?" పది ఇళ్ళవారు అదే ప్రశ్న అడిగితే, పదకొండవ ఇంటికి వెళ్ళేలోగా వారు సమాధానం ఆలోచించుకుంటారు.